ఉప్పు అర్ర

మొన్న మా తమ్ముడి కొడుకు నన్ను ఖమ్మంలో ఒక ఇల్లు చూడటానికి తీసుకుపోయాడు. ఉండటానికి కాదు, కొని కిరాయికి ఇవ్వటానికి. బ్యాంకులో డబ్బు పడి ఉండే కంటే ఇల్లయితే నెలనెలా ఏదో ఒకటి వస్తుందని వాడి ఆలోచన. దేంట్లోనైనా తప్పు ఉంటే అత్త కంట పడుతుందని వాడికి నమ్మకం. అందుకే వెంట పెట్టుకుపోయాడు.

ముందు గదిలో అడుగు పెట్టగానే మల్లెపూల వాసన వచ్చింది. పూలు ఎక్కడా లేవు. ఎవరో డబ్బాలోంచి అప్పుడే కొట్టిన వాసన. గోడలకు నడుము ఎత్తు దాకా చెక్క రంగు ప్లాస్టిక్ పలకలు అతికించి ఉన్నాయి. ఇల్లు చూపించే మనిషి వాటిని అరచేత్తో నిమిరి, "ఫుల్ డిజైన్ జేయించినం మేడమ్. కిరాయికొచ్చెటోళ్ళకు గిదే నచ్చుతది" అన్నాడు. నేను ఒక పలక అంచు కింద వేలు పెట్టి లాగాను. అది పుండు మీది పక్కులా సులువుగా లేచి వచ్చింది. లోపల గోడ నల్లగా, జిగటగా ఉంది. నానిన గోనెసంచి, పులిసిన గంజి, చచ్చిన ఎలుక, మూడూ కలిసిన వాసన మల్లెపూల వాసనను తోసుకుని నా ముక్కులోకి వచ్చింది. ఓకరింత ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మా వాడు నవ్వాడు. "కొంచెం నిమ్ము ఏ ఇంట్లనైనా ఉంటది అత్తా. రంగేస్తె పోతది. అయినా కిరాయికిచ్చేదే గదా, మనముంటమా ఏంది?"

ఆ మనిషి తెచ్చిచ్చిన మంచినీళ్ళు తాగకుండా బయటికి వచ్చి కారులో కూర్చున్నాను. మా వాడి నోట్లోంచి వచ్చింది వాడి తాత మాట. అక్షరం పొల్లు పోలేదు. మా నాయిన ఆ మాట అనగా నేను విన్న ఇల్లు భద్రాచలం పోయే తోవలో ఉండేది. ఇప్పుడు లేదు. అది ఏ సంవత్సరమో నాకు తెలుసు, ఏ నెలో తెలుసు, ఏ కార్తెలో ఏం జరిగిందో తెలుసు. సంవత్సరం చెప్పి లాభం లేదు. కార్తెలు చాలు.

మా ఊరు పాల్వంచ దాటాక అడవి మొదలయ్యే చోట ఉండేది. ఊరికీ అడవికీ మధ్య వారానికోసారి సంత జరిగే బయలు. ఆ బయలు అంచున, రోడ్డు వైపు ముఖం పెట్టి, మా తాత కట్టించిన రాతి కొట్టు. రెండే అర్రలు, ఒకదాని వెనక ఒకటి. ముందు అర్రలో తక్కెడ పెట్టుకుని తాత కూర్చునేవాడట. వెనక అర్ర నిండా దొడ్డుప్పు. అడవి పల్లెల వాళ్ళు చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయలు తెచ్చి తక్కెడ ఒక సిబ్బెలో పోస్తే, రెండో సిబ్బెలో తాత ఉప్పు పోసేవాడు. రెండూ సమానంగా నిలబడితే బేరం అయిపోయినట్టే.

నాకు ఊహ వచ్చేసరికి తాతా లేడు, ఉప్పు బేరమూ లేదు. లారీల మీద ఉప్పు ఊరూరికీ పోతుంటే మోసుకుంటూ మా కొట్టు దాకా వచ్చేవాళ్ళు ఎవరు? మా నాయిన ఇంటి అరుగు మీదే కిరాణా పెట్టుకున్నాడు. కొట్టులో మిగిలింది వాసన. ఎండ ముదిరిన రోజున ముందు అర్ర తలుపు తీస్తే పాత ఇప్పపువ్వు వాసన తియ్యగా గుప్పుమనేది. అది నాకు ఇప్పటికీ పడదు. పండిన పనసకాయ ఇంట్లోకి తెస్తే ఆ వాసన గుర్తొచ్చి పెరట్లోకి నడుస్తాను.

తాతకు ఇద్దరే పిల్లలు. పెద్దది కూతురు, మా మేనత్త. తరువాత మా నాయిన. పెళ్ళయిన కొద్ది కాలానికే భర్త పోయి అత్త పుట్టింటికి వచ్చింది. తాత పోయే ముందు ఊరి పెద్దమనుషులను మంచం చుట్టూ కూర్చోబెట్టుకుని, "కొట్టు నా బిడ్డది. అది బతికినన్నాళ్ళు దాంట్ల ఇంకొకని మాట చెల్లది" అని చెప్పాడు. ఉప్పు లేని ఉప్పు కొట్టుతో ఆమె ఏం చేస్తుంది? ముందు అర్రలో తన పొయ్యి పెట్టుకుంది. సందు వైపు వేరే తలుపున్న వెనక అర్రను కిరాయికి ఇచ్చింది. పాల్వంచలో కరెంటు కార్ఖానా పనులు జోరుగా సాగుతున్న రోజులు. కాలనీలో క్వార్టరు దొరకని వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో అర్రల కోసం తిరిగేవాళ్ళు.

వెనక అర్ర కిరాయి వస్తే అత్త పొయ్యి వెలిగేది. రాకపోతే సందు దాటి మా ఇంటికి వచ్చి మా అమ్మ పెట్టింది తినాలి. ఆమెకు భూమి లేదు, పిల్లలు లేరు, అత్తింటి వాళ్ళు పిలవలేదు. మా అమ్మ చెడ్డ మనిషి కాదు. కానీ అత్తకు అన్నం పెట్టేటప్పుడు గరిటెను గిన్నె అంచుకు కొట్టేది. టంగుమని. మాకు పెట్టేటప్పుడు కొట్టేది కాదు.

"ఆ సప్పుడు ఇన్నవా?" అని అత్త ఒకసారి నన్ను అడిగింది. "అన్నం తింటున్నంత సేపు నా చెవుల్నే ఉంటది. నా పొయ్యి మీద గంజి కాసుకొని తాగినా నిద్రపడ్తది గని, గా సప్పుడుతోని పట్టది."

అందుకని వెనక అర్ర ఖాళీగా ఉండకూడదు. మా అత్తకు లోకంలో ఉన్న పట్టుదల అంతా అదొక్కటే.

ఆ అర్ర గోడల సంగతి చెప్పాలి. ఎండాకాలంలో వాటి మీద తెల్లటి నూగు పుట్టేది, ముసలివాళ్ళ గడ్డంలాగా. మృగశిర కార్తెలో మొదటి మబ్బు కమ్మగానే, చుక్క వాన పడకముందే, గోడలు తడిసేవి. కప్పు కారదు. నేలలో ఊట లేదు. అయినా గోడ మీద చెయ్యి పెడితే జ్వరం మనిషి వీపు మీద పెట్టినట్టు ఉండేది. ఆరుద్ర నాటికి తడి నా మోకాళ్ళ దాకా వచ్చేది, పుష్యమి నాటికి నడుము దాకా. ఎంత దాకా వచ్చిందో నేను బొగ్గుతో గీత గీసి పక్కన కార్తె పేరు రాసేదాన్ని. నాకు చిన్నప్పటి నుంచీ అదే బుద్ధి.

నాయిన చూసి నెత్తి మీద మొట్టాడు. "గోడ మీద గా రాతలేందే? కిరాయికొచ్చెటోడు సూస్తె పట్వారి వచ్చి కొలిచి పోయిండనుకుంటడు." తుడవమన్నాడు. తడిగుడ్డ పెట్టి తుడిస్తే నలుపు గోడంతా పాకింది.

మూలల్లో రోకలిబండ పురుగులు చుట్టలు చుట్టుకుని ఉండేవి. చాప ఎత్తితే కింద నత్త పాకిన జిగురు. అగ్గిపుల్ల గీస్తే వెలిగేది కాదు, మందు ముద్దలా రాలిపోయేది. అప్పడాలు డబ్బాలో పెట్టినవి పెట్టినట్టే తోలు ముక్కల్లా మెత్తబడేవి. ఎండుమిరపకాయ తుంచితే లోపల పచ్చటి బూజు పొగలాగా లేచేది.

సంత రోజున బయటి వైపు ఇంకో తమాషా. అమ్మకానికి తెచ్చిన మేకలు తాళ్ళు తెంచుకుని వచ్చి మా వెనక గోడను నాకేవి. కళ్ళు మూసుకుని, పిల్లలు తల్లి పాలు తాగుతున్నట్టు. నాకి నాకి రాళ్ళ మధ్య మట్టి గుంటలు పడింది. వాటి చొంగ గోడ మీద మెరిసేది. తరిమితే సందు చుట్టి మళ్ళీ వచ్చేవి. మేము పిల్లలం ఊరుకుంటామా? పచ్చి చింతకాయలు తెచ్చి, గోడ నూగును వేలితో గీరి, అద్దుకుని చప్పరించేవాళ్ళం. మేకలు నాకిన చోటే. ఇది రాస్తుంటే నాకు నోరు కడుక్కోవాలని ఉంది.

అది ఉప్పని మాకు తెలుసు. మేకలకు తెలుసు. మా నాయిన మాత్రం వాన అనేవాడు. పెంకులు మార్పించాడు. గోడ తడిసింది. సున్నం మీద సున్నం కొట్టించాడు. ఆ ఏడు అర్రలోకి పోయిన వాళ్ళ వీపులన్నీ తెల్లబడ్డాయి, గోడ మళ్ళీ తడిసింది. అప్పుడొక బడిపంతులు కిరాయికి ఉండేవాడు. ఒక రోజు ట్రంకు పెట్టెలోంచి తన ప్యాంటు తీసి నాయిన కిరాణా ముందుకు పట్టుకొచ్చాడు. దాని నిండా బూజు.

"సేటూ, నా ప్యాంటుకు మీసాలొచ్చినయ్. మంగలిని పిలిపియ్యి."

"ఎండల ఆరెయ్యి పంతులూ, రాలిపోతయ్."

"ప్యాంటు ఆరేస్త. గోడను ఏడ ఆరెయ్యమంటవ్?"

నెల తిరగకముందే ఆయన మూట సర్దాడు. అప్పుడే మా అమ్మ, "మంచి సిమెంటు పెట్టి చేయించరాదుండ్రి" అంటే నాయిన అన్నాడు ఆ మాట. "దానికి గంత ఖర్చెందుకే? కిరాయికిచ్చేదే గదా, మనముంటమా ఏంది?" అత్త పక్కనే ఉంది. ఆ కప్పు కిందనే ముందు అర్రలో ఉంటున్న మనిషి. తల దించుకుని మా ఇంట్లో పళ్ళెం కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

ఆ తరువాత వచ్చిన వాళ్ళే షిఫ్టాయన, ఆయన భార్య. ఆయన పేరు మాకు పట్టలేదు. ఎప్పుడడిగినా షిఫ్టులో ఉండేవాడు కాబట్టి పిల్లలం షిఫ్టాయన అన్నాం. ఆమెది సత్తుపల్లి వైపు. మాట మా మాటలా కాదు, మెత్తగా, అండీలు పెట్టి మాట్లాడేది. అత్త ఆమెను సత్తుపల్లి పిల్లా అని పిలిచేది. నిండా ఇరవై ఏళ్ళు ఉన్నాయో లేవో. వచ్చిన మొదటి వానాకాలమే అత్త దగ్గరికి వచ్చి నవ్వుతూ చెప్పింది.

"పెద్దమ్మా, మీ గోడకి చెమటలు పడుతున్నాయండీ. పాపం, విసనకర్ర పెట్టి విసరమంటారా?"

"ఇసురు బిడ్డా. నీకు పుణ్యముంటది."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వి ఊరుకునే మనుషులు కిరాయికి దొరకడం అదృష్టం అని అత్త అనేది. ఆ పిల్ల ఉలవచారు కాస్తే ఒక గిన్నె అత్తకు, అందులో నాకు సగం. అత్త జొన్నరొట్టె చేస్తే అటు రెండు. ఇద్దరి మధ్య తలుపు పగలంతా తెరిచే ఉండేది. అత్త అంత కులాసాగా ఉండగా నేను మళ్ళీ చూడలేదు.

మరుసటి సంక్రాంతి నాటికి ఆమెకు నెలలు నిండి పుట్టింటికి పోయింది. ఒక్కడికి అర్ర ఎందుకని షిఫ్టాయన అర్ర ఖాళీ చేసి కాలనీలో తోటి పనివాళ్ళతో చేరాడు. ఇంకెవరూ రాలేదు. అత్త పొయ్యి ఆరింది. సందు దాటి మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. అందరూ తిన్నాక వచ్చేది. అడగకుండానే అంట్లు తోమేది, మిరపకాయలు తొడిమలు తీసేది. అయినా గరిటె గిన్నె అంచుకు తగులుతూనే ఉంది. చలికాలం, ఎండాకాలం అట్లాగే గడిచాయి. అత్త మెడ ఎముకలు బయటపడ్డాయి.

నాయినకు కూడా ఇది బరువే. అమ్మ పోరు పడలేక చివరికి సిమెంటు తెప్పించాడు. రోహిణి ఎండల్లో వెనక అర్రకు నాలుగు వైపులా సిమెంటు పూతతో గిలాబు చేయించి, అడుగున మోకాలి ఎత్తు తారు పూయించాడు. అర్ర రైలు డబ్బాలాగా నిగనిగలాడింది. గోడ మీద చెయ్యి పెడితే పొడిగా, గట్టిగా ఉంది. రోహిణిలో ఏ గోడ మాత్రం పొడిగా ఉండదు?

అత్త కార్ఖానాకు పోయే ఒక మనిషితో షిఫ్టాయనకు కబురు పెట్టింది. నేనే పక్కన ఉన్నాను, ఆమె మాట నాకు గుర్తే. "గోడ మంచిగైందని జెప్పు. పిల్లను దీస్కొని రమ్మను. పెద్దమ్మ ఎదురుసూస్తున్నదని జెప్పు."

మృగశిరకు ముందే వాళ్ళు వచ్చేశారు. చంటిపిల్ల, ఆడపిల్ల. నల్లటి జుట్టు, ఇంత ముక్కు. అత్త రోజూ నూనె పెట్టి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది. సాంబ్రాణి పొగ, సెనగపిండి, వేడినీళ్ళ ఆవిరి, చంటిపిల్ల పాల వాసన. ఆ కొట్టులో నాకు నచ్చిన వాసన అదొక్కటే. అది ఎక్కువ రోజులు నిలవలేదు.

మబ్బు పట్టింది. తారు పూసిన మేర గోడ పొడిగానే ఉంది. తారు పైన, సిమెంటు మీద, మొదట మచ్చలు లేచాయి. తరువాత బుడిపెలు. నొక్కితే లోపల మెత్తగా ఉండేవి. ఆరుద్రలో ఒక పెచ్చు ఊడి పడితే దాని వెనక నుంచి ఉప్పు నీళ్ళు చీములాగా కారాయి. పోయిన ఏడు నడుము దాకా ఉన్న తడి ఈసారి నా తల దాటి పోయింది. పక్కబట్టలు, పిల్ల పొత్తిగుడ్డలు, ఉయ్యాల తాడు, ఏది ముట్టుకున్నా చల్లగా, బంకగా ఉండేది. పొత్తిగుడ్డలు ఆరవు. ఆరనివే మళ్ళీ వేస్తే పిల్ల ఒళ్ళంతా ఎర్రగా పేలింది. అర్రంతా ఉచ్చ, బూజు, తారు.

సత్తుపల్లి పిల్ల ఈసారి నవ్వలేదు. "పెద్దమ్మా, బాగైందన్నారు కదా" అంది.

"కొత్త గిలాబు బిడ్డా. మొదట్ల కొంచెం ఊరుతది. తర్వాత గుంజుకుంటది."

ఆ మాట అంటున్నప్పుడు అత్త ఆమె వైపు చూడలేదు. పొయ్యిలో మండుతున్న కట్టెనే చూస్తూ అంది.

పుష్యమి కార్తెలో పిల్లకు దగ్గు పట్టుకుంది. వాము కాపడం పెట్టారు. తులసి రసం పోశారు. తగ్గలేదు. ఒక రోజు మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. పెదాల చుట్టూ నీలంగా ఉంది. షిఫ్టాయన డ్యూటీలో ఉన్నాడు. అత్తా, సత్తుపల్లి పిల్లా కలిసి రోడ్డు మీద లారీ ఆపి పాల్వంచ దవాఖానకు తీసుకుపోయారు. వారం రోజులు తల్లీబిడ్డలు అక్కడే ఉన్నారు. అత్త రోజూ సద్ది కట్టుకుని పోయి వచ్చేది. సద్ది మా ఇంటి నుంచే. అమ్మ ఆ వారం గరిటె కొట్టలేదు, అది కూడా రాయాలి.

పిల్ల బతికింది. తీసుకొచ్చిన రోజు వాన తెరిపి ఇచ్చింది. నాయిన కొట్టు ముందు నిలబడి మేస్త్రీతో మాట్లాడుతున్నాడు. సత్తుపల్లి పిల్ల చంటిదాన్ని భుజాన వేసుకుని, వెనక అర్ర గడప దగ్గర ఆగిపోయింది, లోపలికి పోకుండా.

"డాక్టరుగారు ఈ గదిలోకి తీసుకెళ్ళొద్దన్నారండీ" అంది.

"గదే, గదే జేయిస్తున్న" అన్నాడు నాయిన. "ఈసారి తారు మెడ దాక పూయిస్త. మీద ఇంకో మందం సిమెంటు. మేస్త్రీ, ఎన్ని సంచులు పడ్తయ్?"

"పూయకు" అంది అత్త.

"నువ్వూకో అక్కా."

"నువ్వెంత పూస్తే అది గంత పైకెక్కుతది. అది వాన గాదురా. నేను పోసిన నీళ్ళు."

మేస్త్రీ నవ్వాడు, ముసలిదానికి మతి తప్పిందనుకుని. అత్త అరుగు మీద కూర్చుంది. ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

"సంత ముందటి రోజు మన నాయిన నా చేతికి కడవ ఇచ్చెటోడు. ఉప్పు కుప్ప మీద సల్లమనెటోడు. తడిసిన ఉప్పు బరువు తూగుతది గదా. తెల్లారి అడివోళ్ళు చింతపండు తెస్తె నీళ్ళు తూకమేసి ఇచ్చెటోడు. కారిన నీళ్ళు ఏడికి పోతయ్? గోడ అడుక్కు. నా పెండ్లయ్యేదాక పోసిన. మొగడు సచ్చి వచ్చినంక మళ్ళ పోసిన. నువ్వు సిన్నపోరనివి, నీకు ఎరుకలేదు. గా గోడ ఎన్ని సంతలు తాగిందో!"

మా నాయిన ముందు చేసిన పని నాకు బాగా గుర్తు. అక్క వైపు చూడలేదు. రోడ్డు వైపు చూశాడు. తరువాత సంత బయలు వైపు. ఎవరూ లేరని తెలిశాక, గొంతు తగ్గించి, "మెల్లగ మాట్లాడరాదు అక్కా. గా పల్లెలోళ్ళే గద నా దుకాణంల ఉప్పు కొనేది" అన్నాడు.

పచ్చి చింతకాయతో నేను తిన్నది ఏమిటో ఆ క్షణంలో తెలిసింది.

సత్తుపల్లి పిల్ల మాత్రం అత్తనే చూస్తోంది. "తెలిసే పిలిపించారా పెద్దమ్మా మమ్మల్ని?"

అత్త తల ఎత్తింది. "అవ్ బిడ్డా. తెలిసే."

ఇంకేమీ చెప్పుకోలేదు. గరిటె సంగతి చెప్పలేదు, మెడ ఎముకలు చూపించలేదు. లేచి ముందు అర్రలోకి పోయి, పొయ్యి మీది కుండ దించింది. తన చాప, దుప్పటి, బట్టల మూట తీసుకుని వెనక అర్రలో పడేసింది. మళ్ళీ వచ్చి ఆ పిల్ల ట్రంకు పెట్టె పట్టుకుని ముందు అర్రలోకి ఈడ్చుకొచ్చింది. పెట్టె అడుగు తుప్పు పట్టి ఊడిపోయి, చీరలు దారి పొడుగునా జారాయి.

"మీ గదిలో మేమెందుకండీ" అంది ఆ పిల్ల. గొంతులో మెత్తదనం లేదు.

"ముందర్రల ఎన్నడు ఉప్పు పొయ్యలే. తక్కెడ పెట్టిన జాగ, పొడిగుంటది. నా మీద కోపం తర్వాత పడుదువు గని, ముందు పిల్లను పండవెట్టు. కిరాయి మాత్రం నాకియ్యాలె."

సందులో నిలబడి చూస్తున్న మా అమ్మ కదిలిపోయింది. "వదినె, ఆ రొచ్చుల నువ్వెట్లుంటవ్? మా ఇంట్ల ఉండరాదు?"

"నేనాడుంటే నీ మనసు రొచ్చయితది పిల్లా" అంది అత్త. అందులో కోపం లేదు.

ఆమె వెనక అర్రలో పొయ్యి పెట్టుకుంది. గడ్డపార తీసుకుని సిమెంటంతా తనే ఊడగొట్టి గోడను రాయికి తెచ్చింది. నాయిన సిమెంటు దండగైందని నెత్తి కొట్టుకున్నాడు. మంచం గోడలకు తగలకుండా అర్ర నడుమ వేసుకుంది. ఎండాకాలం నూగును చీపురుతో ఊడ్చి, తట్టలకెత్తి దూరంగా పారబోసేది. రాయి బయటపడ్డాక గోడలు మునుపంత కారలేదు. కానీ వానాకాలం వస్తే అర్ర అర్రే. ఆమె చీరలు, జుట్టు, చివరికి ఆమె చేసిన రొట్టె కూడా ఆ వాసనే వేసేవి. ఆమె దగ్గరికి తీసుకుంటే నేను ఊపిరి బిగపట్టేదాన్ని.

ముందు అర్రలో చంటిపిల్ల పాకింది, నడిచింది, బడికి పోయింది. సత్తుపల్లి పిల్ల అత్తతో మళ్ళీ మాట్లాడటానికి ఆ వానాకాలం అంతా పట్టింది. తరువాత మాట్లాడింది, ఉలవచారు కూడా పంపింది, కానీ మధ్య తలుపు పగలు కూడా వేసే ఉండేది. క్వార్టరు దొరికి వాళ్ళు పోయాక వేరే వాళ్ళు వచ్చారు. ముందు అర్ర ఎన్నడూ ఖాళీగా లేదు. అత్త తన పొయ్యి మీద తను వండుకుంది. మా ఇంటికి పండగలకు తప్ప రాలేదు, వచ్చినా ఎంగిలి పడలేదు. మొదట పొద్దుటి పూట దగ్గేది. తరువాత పొద్దస్తమానం. నేను పదో తరగతి దాటి, ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఏడు, వానల్లో, ఆ అర్రలోనే పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు నేను ఆమె బట్టలు సర్దడానికి కొట్టుకు వెళ్ళాను. వెనక అర్రలో కొత్త సున్నం వాసన. ఆమె మంచం తీసేశారు. గోడలకు సున్నం కొట్టి, మరీ నల్లగా ఉన్న చోట క్యాలెండరు తగిలించారు. కార్యానికి వచ్చిన చుట్టాలు ఇంకా మా ఇంట్లోనే ఉన్నారు. నేను మూల కూర్చుని చీరలు మడతపెడుతుంటే నాయిన ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. కార్ఖానాలో కొత్తగా చేరిన కుర్రవాడు. చేతిలో అన్నం డబ్బా.

ఆ కుర్రవాడు గడప దాటగానే ముక్కు చిట్లించాడు. "నిమ్ము వాసనొస్తున్నట్టుంది సేటూ?"

"మనిషి పోయిన ఇల్లు గదా" అన్నాడు నాయిన. "దినాలైనంత సేపు తలుపులు మూసి పెట్టినం. గాలి తగల్లే. మా అక్క ఇన్నేండ్లు గీ అర్రల్నే బతికింది. కావాల్నని ముందర్ర ఇడిసిపెట్టి దీంట్లకొచ్చింది. ఒక్కనాడు గూడ అర్ర బాగలేదని నోటెంబడి అన్లే."

కుర్రవాడు గోడ వైపు చూసి తల ఊపాడు. నమ్మాడు. ఎందుకు నమ్మడు?

"పిల్లలున్నరా అన్నా?" అని నేను అడిగాను.

"ఒక్కడమ్మా. ఇంక నడక రాలే."

"అయితే తీసుకోకు. ఆమె గీ అర్రల దగ్గి దగ్గి సచ్చిపోయింది."

కుర్రవాడు నా వైపు చూశాడు, నా ఒళ్ళో చీరల వైపు చూశాడు. చెప్పులు తొడుక్కుని, "మళ్ళొస్త సేటూ" అని రోడ్డెక్కాడు. మళ్ళీ రాలేదు.

నాయిన నన్ను కొట్టలేదు, అరవలేదు. నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగాడు. "నేనన్న దాంట్ల అబద్ధమేమున్నదే?"

ఆ కిరాయి ఏ పొయ్యి కోసమో, ఆ పొయ్యి ఆరి పన్నెండు రోజులైంది. ఇక దానితో ఎవరికీ అన్నం పెట్టాల్సిన పని లేదు. అయినా ఆయనకు ఆ అర్ర ఖాళీగా ఉండటం ఇష్టం లేదు. ఆమె కావాలనే ఆ అర్రలోకి పోయిన మాట నిజం. అన్నేళ్ళు ఉన్న మాట నిజం. ఒక్కనాడూ బాగాలేదని అనని మాట కూడా నిజం. తలుపులు మూసి పెట్టింది కూడా నిజమే. ఆయన చెప్పిన ఒక్కొక్క మాటనూ నేను విడివిడిగా తీసి చూశాను, ఆ రోజూ చూశాను, ఆయన పోయిన రోజూ చూశాను. అబద్ధం దొరకలేదు. ఒక్కటి దొరికినా ఆయన మీద కోపం తెచ్చుకునేదాన్ని. కోపమైతే ఈపాటికి ఎప్పుడో చల్లబడి ఉండేది.